మునెప్ప ఇంటి ఒట్టి గిన్నెలు

మిలిటరీ మునెప్ప ఇంటికి గిన్నెలో ఏదైనా పెట్టి పంపించాలంటే ఆ పల్లెలో ఆడవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆయన చెడ్డవాడనా? అయ్యో, కాదు. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో పది పల్లెలు వెతికినా అంత నెమ్మదైన మనిషి దొరకడు. వచ్చిన చిక్కంతా గిన్నె తిరిగొచ్చే తీరుతోనే. పక్కింటి రత్నమ్మ ఉగాదికి ఓళిగలు పంపిస్తుంది. మునెప్ప వాటిని ఇష్టంగా తింటాడు. గిన్నెను బండ మీద వేసి తనే తోముతాడు, తువ్వాలతో తుడుస్తాడు, తీసుకుపోయి రత్నమ్మ గడప మీద పెట్టి వస్తాడు. ఒట్టి గిన్నె! లోపల నాలుగు బియ్యపు గింజలు ఉండవు, చిటికెడు చక్కెర ఉండదు, ఏమీ లేనినాడు అందరం వేసే బెల్లం ముక్క కూడా ఉండదు. మన ప్రాంతంలో ఎంత లేనివాళ్ళైనా చేసే పనేనా అది?

గోవిందమ్మ ఆయన్ను చేసుకున్న ముప్పై నాలుగేళ్ళ నుంచీ ఈ తలవంపులు పడుతూనే ఉంది. ఒకసారి ఆయన చూడకుండా రత్నమ్మ గిన్నెలో రెండు దోసిళ్ళ చెనిక్కాయలు పోసి పంపించింది. అంతే, పశువుల కొట్టంలో ఉన్న మనిషి ఎట్లా పసిగట్టాడో ఏమో, పరుగెత్తుకుంటూ పోయి, నడివీధిలో రత్నమ్మ చేతిలోని గిన్నె అందుకుని, చెనిక్కాయలు తన తువ్వాల్లో వంచుకుని వచ్చేశాడు. వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. “పెట్టింది ఎనక్కి లాక్కునే మొగోడిని నేనెప్పుడూ సూళ్ళేదమ్మా” అని రత్నమ్మ ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోదా మరి! గోవిందమ్మ వారం రోజులు బయటికి రాలేదు. యాల చేసినావు, యాల చేసినావు అని ఎన్నిసార్లు నిలదీసినా ఆయన నోరు మెదపడు. లేచి ఆవుల దగ్గరికి పోతాడు.

పిసినారి అనుకుందామంటే అదీ కాదు. పింఛను డబ్బుల్లో బడిపిల్లలకు పలకలు కొనిస్తాడు. ఎవరికి కాలు విరిగినా తన ఖర్చుతో మదనపల్లి ఆసుపత్రికి తీసుకుపోతాడు. చేతికి ఇస్తాడు, సంచిలో వేస్తాడు. ఇంకొకరి గిన్నెలో మాత్రం ఏమీ పెట్టడు, ఎవరినీ పెట్టనివ్వడు.

ఆయన బతుకు గురించి చెప్పాలంటే పెద్ద కథేమీ లేదు. వాళ్ళ నాయన పాపన్న ఆవులూ గొర్రెలూ కాచుకుని బతికినవాడు. వానలు పడని ఒక ఏడు మేత దొరక్క, మేకల మందతోపాటు పదేళ్ళ మునెప్పను కుప్పం అవతల మేనమామ దగ్గరికి తోలాడు. ఆడ అందరిదీ అరవం. మేకల వెంట తిరుగుతూ తిరుగుతూ మనవాడికీ ఆ భాష వచ్చేసింది. పంతొమ్మిదో ఏట మిలిటరీలో డ్రైవరుగా చేరాడు. బయటికొచ్చాక మదనపల్లి టమేటా మార్కెట్లో వాచ్‌మన్‌గా పదిహేనేళ్ళు చేశాడు. మోకాళ్ళు మొరాయించాక ఇంటికొచ్చి రెండు పుంగనూరు ఆవుల్ని పెట్టుకున్నాడు. ఏటా ఆగస్టు పదిహేనుకు బడివాళ్ళు పిలుచుకుపోయి ఆయన చేత జెండా ఎగరేయిస్తారు. యుద్ధం గురించి చెప్పండి సార్ అని పిల్లలు అడుగుతారు. “వానలు పడతా ఉండె. దోవలు బాగలేదు. నడిచినాము” అని మూడు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. పిల్లలు పాపం తుపాకులూ ఫిరంగులూ వస్తాయేమోనని కాచుకుని, చివరికి బిస్కెట్లు తీసుకుని పోతారు.

కానీ మధ్యాహ్నాలు ఉన్నాయి చూశారూ, అవీ ఆయన్ను పట్టి పీడించేవి. ఎండ నడినెత్తికి వచ్చి, పల్లె సద్దుమణిగి, పెరట్లో గిన్నెలు తోమే బండ దగ్గర ఎవరూ లేని వేళ, ఆ బండకు అవతల ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంటుంది. తెల్లచీర. చేతులు మోకాళ్ళ మీద. తిట్టదు, ఏడవదు, పలకదు. తన గిన్నె ఎప్పుడు తోమి ఇస్తాడా అన్నట్టు ఓపిగ్గా చూస్తూ ఉంటుంది. దయ్యమనుకునేరు! దయ్యమైతే బాగుండేది, దయ్యాన్ని విడిపించేవాళ్ళు ఉన్నారు. ఆమెను విడిపించేవాళ్ళు లేరు. ఆయన వీపు తిప్పుకుని గిన్నె తోముతాడు. ఒక్కోసారి తోమిందే తోముతాడు.

ఇట్లా ఎంతకాలమైనా నడిచిపోయేదేమో, కోడలి శ్రీమంతం రాకపోయి ఉంటే.

కొడుకు శివకుమార్ మదనపల్లి మార్కెట్లోనే ఒక మండీలో పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. రెండేళ్ళ క్రితం కుప్పం పిల్ల భారతిని చేసుకున్నాడు. చురుకైన పిల్ల, ఏదీ మనసులో దాచుకోదు. మామంటే ప్రాణం దానికి. ఆయన ఒట్టి గిన్నెల సంగతి తెలిసినా, మా మామకు అదొక పిచ్చి అని నవ్వేసేది. ఏడో నెలలో వాళ్ళమ్మ శాంతకుమారి బాడుగ వ్యాను కట్టించుకుని, ఏడు రకాల అన్నాలు చేసి, ఏడు కొత్త స్టీలు డబరాల్లో నింపుకుని కుప్పం నుంచి వచ్చింది. మొగుడు లేని మనిషి, మిషను కుట్టి సంపాదించిన డబ్బుతో కొన్నవి ఆ డబరాలు. గాజులు తొడిగారు, పాటలు పాడారు, అందరూ కడుపునిండా తిన్నారు. గోవిందమ్మ ఈసారి మొగుడి మాట లెక్కచేయలేదు. వియ్యపురాలి డబరాలు ఒక్కొక్కటీ నింపింది. కజ్జికాయలు, చక్కిలాలు, నువ్వులుండలు, పైన పసుపూ కుంకుమా పొట్లాలు. అవి వ్యానులోకి ఎక్కాయి.

మునెప్ప వ్యాను ఎక్కాడు. ఊరంతా చూస్తూ ఉండగా ఒక్కో డబరా దించాడు. తిన్నె మీద దుప్పటి పరిచి కజ్జికాయలన్నీ వంచేశాడు. పసుపూ కుంకుమా తీసి పక్కన పెట్టాడు. తువ్వాలతో తుడిచి, ఏడింటికి ఏడూ ఒట్టివి తిరిగి వ్యానులో సర్దాడు. శాంతకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“ఏంది మామా ఇది?” భారతి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. “నేను కడుపుతో ఉండానే. మా అమ్మ గిన్నెలు ఒట్టివి పంపిస్తారా? ఈ పొద్దు గూడానా?”

“పెట్టకూడదమ్మా.”

“అదే యాల? యాల పెట్టకూడదో చెప్పండి. చెప్తే మా అమ్మకు నేను సర్దిచెప్పుకుంటా.”

ఆయన చెప్పలేదు. చెప్పుంటే అక్కడితో పోయేది. భారతి ఒక్క నిమిషం చూసింది. తర్వాత చెప్పులు వేసుకుని వ్యానెక్కి తల్లి పక్కన కూర్చుంది.

“కారణం చెప్పేదాకా నేనూ నా బిడ్డా ఈ గడప తొక్కం మామా. నేను మొండిదాన్ని, మీకు తెల్సు.”

వ్యాను పోయింది. ఒక నెల గడిచింది, రెండో నెల వచ్చింది. శివకుమార్ ఫోన్లో తండ్రితో మాట్లాడ్డం మానేశాడు. ఒకరోజు ఇంటికొచ్చి నిలబడే చెప్పాడు: “నాయినా, నేను మదనపల్లిలో ఇల్లు సూసుకుంటాండా. కాన్పయినాక ఆ పిల్లను ఆడికే పిలుచుకుంటా. నీ గిన్నెలు నువ్వు తోముకో.” కొడుకు పోయాక తమ ఇల్లు ఎట్లా ఉంటుందో మునెప్పకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పుట్టబోయే బిడ్డ ఈ వాకిట్లో పాకదు. అది అట్లా ఉండగా, ఆ మధ్యాహ్నం బండ అవతల ముసలామె పక్కన ఇంకెవరో చిన్నపిల్ల ఉన్నట్టు అనిపించింది. తల ఎత్తి చూడలేదు. లోపలికి పోయి చొక్కా వేసుకున్నాడు.

“యాడికి?” అంది గోవిందమ్మ.

“కుప్పం. ఆ పిల్లకు చెప్తా.”

“ఆ పిల్లకు చెప్తావా? ముప్పై నాలుగేండ్లు నీతో కాపరం చేసిన నాకు చెప్పకుండా, నిన్న గాక మొన్నొచ్చిన పిల్లకు చెప్తావా? నేనూ వస్తాండా. అడ్డం చెప్పినావంటే సూడు!” చీర కూడా మార్చుకోకుండా ఆయన కంటే ముందు ఆమే బస్సెక్కింది.

పుంగనూరు నుంచి పలమనేరు, పలమనేరు నుంచి వి.కోట, ఆడినుంచి కుప్పం. దారి పొడవునా ఆయన కిటికీ కడ్డీ పట్టుకునే కూర్చున్నాడు.

రైలుకట్ట వెనక శాంతకుమారి ఇల్లు. వియ్యంకుణ్ణి చూసి ఆమె ముఖం మాడ్చుకున్నా, మర్యాద తప్పలేదు. మంచినీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది. భారతి నిండు పొట్టతో గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. మునెప్ప కుర్చీలో కూర్చోలేదు, ఆడవాళ్ళ ఎదురుగా నేల మీదే కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. నేల చూస్తూ, మధ్యమధ్యలో ఆగుతూ, ఎవరో ఇంకొకరికి జరిగింది చెబుతున్నట్టు చెప్పాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు, అక్టోబరు. సిలోను. ఒకే దేశం మనుషులు ఏళ్ళ తరబడి ఒకరినొకరు చంపుకుంటున్న చోటు. సర్దుబాటు చేయను పోయిన మన దండు చివరికి తానే యుద్ధంలోకి దిగాల్సి వచ్చింది. జాఫ్నా పట్టణం పోరాడే అరవ దళాల చేతిలో ఉంది, దాన్ని పట్టుకోవాలని నాలుగు పక్కల నుంచీ పటాలాలు కదిలాయి. తారు రోడ్డు మీద అడుగు పెడితే మందుపాతరలు. అందుకని తాటితోపుల్లో, కంచెల మధ్య సందుల్లో నడక. వాన. ఒక మైలు పోవడానికి ఒక రోజు. లారీలు వెనకే దిగబడిపోయాయి. మునెప్ప ఉన్న పటాలంలో దాదాపు అందరూ ఉత్తరాదివాళ్ళు, అరవం వచ్చింది వీడికొక్కడికే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. స్టీరింగు వదిలేసి ముందు నడవరా అన్నారు. ప్రతి కంచె దగ్గరా నిలబడి, ఎవరైనా ఉండారా, బావి యాడ ఉండాది, ఈ సందు యాడికి పోతాది అని అడగడమే పని. చాలా ఇళ్ళు ఖాళీ. జనమంతా బళ్ళలో, గుళ్ళలో తలదాచుకున్నారు.

ఒక ఇంట్లో మాత్రం ఒక ముసలామె ఉంది. ఆమెతో ఏడేళ్ళ మనవరాలు. కాళ్ళు వాచి నడవలేక ఆమె ఇల్లు కదల్లేదు. మునెప్ప నీళ్ళడిగాడు. తాటాకు చేదతో తోడి పోసింది. వీడు మాట్లాడే అరవం విని ఆమెకు నవ్వొచ్చింది.

“ఇదేం అరవం తంబీ? మేకల కాపరి అరవంలా ఉందే!”

“మేకల దగ్గరే నేర్చుకున్నా అవ్వా” అన్నాడు వీడు.

వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడట. పొద్దున్నించి ఏమీ తినలేదని ముఖం చూసి కనిపెట్టి, ఒక కంచు గిన్నె నిండా గంజి పోసి, పచ్చిమిరపకాయ ఇచ్చింది. దారి మాత్రం చెప్పలేదు. వీడు అడిగితే, “నాకు ఇల్లూ బావీ తప్ప ఏ దారీ తెలీదు నాయనా” అంది. గిన్నె తీసుకుపోయి తోటివాళ్ళు ఇద్దరితో పంచుకుని తాగాడు. ఆ గంజి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది అన్నాడు మునెప్ప.

మరుసటి రోజు పటాలం అక్కడే ఆగింది. గిన్నె తిరిగివ్వాలి. బావి దగ్గర శుభ్రంగా తోమాడు. ఇక ఇచ్చి రావడమే. కానీ ఒట్టి గిన్నె ఎట్లా ఇస్తాడు? వాళ్ళమ్మ పెంచిన పెంపకం అట్లాంటిది. తన వంతు చక్కెర తీసి గిన్నెలో పోశాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని, పైన ఒక పాలపొడి డబ్బా పెట్టాడు. పచ్చరంగు మిలిటరీ డబ్బా, దాని మీద హిందీ అక్షరాలు.

“ఆమె వద్దనిందమ్మా” అన్నాడు మునెప్ప. “వద్దు తంబీ, ఇట్లాటివి ఇంట్లో ఉండకూడదు అనింది. రెండుసార్లు అనింది. నేనే ఇన్లేదు. ఒట్టి గిన్నె ఇచ్చినానంటే మా యమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదవ్వా అని నవ్విచ్చి, బలమంతంగా చేతిలో పెట్టొచ్చినా. నా మొగం చూసి తీసుకునింది.”

పటాలం ముందుకు సాగింది. రెండు రోజుల తర్వాత, వెనక చిక్కుకున్న లారీల దగ్గరికి పోయి సరుకు తీసుకురమ్మని కొందర్ని పంపించారు. మునెప్ప కూడా ఉన్నాడు. అదే సందు. కంచె బయట పదిహేనుమంది జనం గుంపుగా నిలబడి ఉన్నారు, తలదాచుకున్న చోటి నుంచి తిరిగొచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు. కంచె పక్కన కరెంటు స్తంభానికి ముసలామెను కట్టేసి ఉన్నారు. ప్రాణం లేదు. మెడలో పురికొసతో ఆ పాలపొడి డబ్బా వేలాడుతోంది. రొమ్ముకు దళాలవాళ్ళు ఒక కాగితం గుచ్చి పోయారు. మునెప్పకు అరవం మాట్లాడను వచ్చు గానీ చదవను రాదు. చదవాల్సిన పనీ లేకపోయింది. సైన్యానికి దారి చెప్పిన వేగులదానికి ఇదే గతి అని ఆ డబ్బాయే చెబుతోంది.

వాళ్ళ వెంట వచ్చిన మేజరు డబ్బాను చూశాడు. “ఇది మనది. ఎవరిచ్చారు?” అని హిందీలో అడిగాడు. తిండి సరుకు బయటివాళ్ళకు ఇస్తే శిక్ష. ఎవరూ పలకలేదు, మునెప్ప కూడా పలకలేదు.

అప్పుడు ఆ పాప గుంపులోంచి వచ్చింది. ఏడవడం లేదు. నేరుగా మునెప్ప దగ్గరికొచ్చి, ఆయన నీళ్ళసీసా పట్టీ పట్టుకుంది. “మామా, నువ్వే కదా ఇచ్చినావు? అవ్వ గంజి పోసినందుకు కదా ఇచ్చినావు? వీళ్ళకు చెప్పు మామా” అని అరవంలో అడిగింది. జనమంతా వీడి నోటి వంకే చూస్తున్నారు. ఒక్క మాట, అవునన్న ఒక్క మాట చాలు.

“ఆ పాప ఏమంటోంది?” అన్నాడు మేజరు.

మునెప్ప చెప్పాడు: “ఈడ అరవం వేరే సార్. నాకర్థం కాలేదు.”

హిందీలోనే చెప్పాడు. కానీ అర్థం కాలేదన్నట్టు చేతులు తిప్పాడు కదా, పాపకు అది తెలిసింది. నిజంగానే అర్థం కాలేదనుకుంది పిచ్చితల్లి. పసిబిడ్డకు మాటలు నేర్పినట్టు ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, మళ్ళీ మొదటి నుంచి అడిగింది. నువ్వే. కదా. ఇచ్చినావు. వీడు పట్టీ మీద నుంచి ఆ పాప వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, లారీల వైపు నడిచిపోయాడు.

తర్వాత పట్టణంలో పెద్ద యుద్ధం జరిగింది. అందులో మునెప్ప గుళ్ళవానలో లారీ నడిపి దెబ్బతిన్నవాళ్ళను మోసుకొచ్చాడు, దానికి పతకం కూడా ఇచ్చారు. అందరూ అడిగేది ఆ యుద్ధం గురించే. ఆయనకు అది సరిగా గుర్తు కూడా లేదు. ఆయన యుద్ధం దానికి ముందే, ఆ సందులోనే అయిపోయింది.

చెప్పడం ముగిసింది. రైలుకట్ట మీద గూడ్సు బండి ఒకటి పోయింది, అది పోయేదాకా ఆగినట్టు గోవిందమ్మ ఒక్కసారిగా భోరుమంది.

“చెనిక్కాయలు ఎనక్కి తెచ్చినప్పుడు నిన్ను ఎన్ని తిట్లు తిట్నానయ్యా! ఒక్క ముక్క చెప్పింటే... ముప్పై నాలుగేండ్లు రాతిబండతో కాపరం చేయిస్తివే నా చేత!” అని ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేసి, అదే భుజం పట్టుకుని ఏడ్చింది.

శాంతకుమారి కోపమంతా ఎప్పుడో ఎగిరిపోయింది. “నువ్వు చంపలేదు గదన్నా. మంచి మనసుతో పెట్టినావు. ఆ కర్మ చేసినోళ్ళది. ఇంక దాన్ని మోయొద్దన్నా” అంది. ఎవరైనా అదే అంటారు, అనాల్సిందీ అదే. మునెప్ప తల ఊపాడు. గుండె మీది బరువు ఒక మూల నుంచి కొంచెం లేచినట్టనిపించింది.

భారతి ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఏదో లెక్క కడుతున్నట్టు చూస్తోంది.

“ఆ పాపకు అప్పుడు ఏడేండ్లు. అంటే ఇప్పుడు నలభై ఐదు” అంది.

“బతికుంటే, అమ్మా.”

“బతికే ఉంటాది అనుకోండి. ఆ పొద్దు ఆడ నిలబడిన జనం అంతా ఆ ఊరోళ్ళే గదా మామా. మీరు తెలీదని పోయినాక, వాళ్ళు ఆ పిల్లను ఏమని పిలిచింటారు?”

మునెప్ప తల ఎత్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన చచ్చిపోయినామెను చూస్తూ కూర్చున్నాడు. బతికి ఉన్నదాని గతి ఏమైందని ఒక్కసారీ ఆలోచించలేదు.

“వేగులదాని మనమరాలని” అంది భారతి, ఆయన చెప్పలేకపోతే తనే. “బళ్ళో అని ఉంటారు, పెండ్లిచూపుల్లో అని ఉంటారు. ఆమె బిడ్డల్ని గూడా అంటా ఉంటారేమో. ఆ పిల్లకు గూడా అనుమానం వచ్చేసి ఉంటాది, మా అవ్వ నిజంగానే దారి చెప్పిందేమో అని. చెప్పలేదని తెలిసినోళ్ళు ఈ లోకంలో మీరొక్కరే. మీరు ఈడ కూర్చోని గిన్నెలు తోముతా ఉండారు మామా.”

“భారతీ!” అని కసిరింది శాంతకుమారి. పెద్దాయన్ను పట్టుకుని అనే మాటలేనా అవి!

“నేను కోపంతో అనలేదమ్మా. మామా, నేను ఇంటికొస్తా. కారణం చెప్తే వస్తానన్నా, చెప్పినారు. రేపటి బస్సుకే వస్తా. నేనిప్పుడు అడగబోయేదానికీ, దానికీ సంబంధం లేదు. మీరు కాదన్నా వస్తా.” ఆ పిల్ల ఫోను తీసింది. “సిలోనోళ్ళు ఊరికొక గుంపు కట్టుకుని ఫోన్లలో మాట్లాడుకుంటారు. తప్పిపోయినోళ్ళను వెతుక్కుంటారు, నేను సూసినా. ఊరి పేరు తెలుసా మీకు?”

తెలియకేం! ఆ పేరు ఆయన ఒక్కరోజూ మరచిపోయింది లేదు. ముసలామె పేరు మాత్రం తెలియదు, అడగలేదు. పాపను రాసాత్తి అని పిలిచేది. అది పేరో, ముద్దుకు పిలిచిందో అదీ తెలియదు.

“సాలు” అంది భారతి. ఫోను నిలబెట్టి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. “దొరుకుతాదో లేదో నాకు తెలీదు. చెప్పండి.”

మునెప్ప గొంతు సవరించుకున్నాడు. బడిలో జెండా దగ్గర నిలబడినట్టు వెన్ను నిటారుగా పెట్టాడు. “అందరికీ నమస్కారం. నా పేరు మునెప్ప, మాది పుంగనూరు దగ్గర...”

భారతి ఫోను దించింది. “తెలుగులో చెప్తే ఆమెకు ఎట్ల తెలుస్తాది మామా?”

“ఆ భాష నాకిప్పుడు రాదమ్మా. మాట్లాడి ఎన్నేండ్లో అయింది. మర్చిపోయినా” అన్నాడు.

ఆ మాట నోట్లోంచి బయటికొచ్చిందో లేదో, మునెప్ప ముఖం తెల్లగా పాలిపోయింది. అదే అబద్ధం. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, ఎవరూ శిక్ష వేసేవాళ్ళు లేని చోట, తుపాకీ లేదు, మేజరు లేడు, ఎదురుగా తన కోడలు, అయినా అదే అబద్ధం మళ్ళీ చెప్పాడు. గోవిందమ్మకు, శాంతకుమారికి ఏమీ తెలియలేదు. భారతికి తెలిసింది. ఆ పిల్ల ఏమీ అనకుండా ఫోను మళ్ళీ పైకెత్తి పట్టుకుంది.

ఆయన రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. చెమటో కన్నీళ్ళో చెప్పడం కష్టం. తర్వాత అరవంలో మొదలుపెట్టాడు. మేకల కాపరి అరవం. గిడసబారిన భాష, మాట మాటకూ ఆగి వెతుక్కోవాల్సి వస్తోంది. అందుకని ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పాడు.

“రాసాత్తీ, నేను ఆ మిలిటరీవాణ్ణి. డబ్బా నేనే ఇచ్చాను. మీ అవ్వ వద్దంది. బలవంతంగా ఇచ్చాను. మీ అవ్వ మాకు ఏ దారీ చెప్పలేదు. ఆకలిగా ఉన్నానని గంజి పోసింది, అంతే. ఊరివాళ్ళందరికీ ఈ మాట వినిపించు. ఇంకొకటి చెప్పాలి తల్లీ. ఆ పొద్దు నువ్వు అడిగిన మాట... మొదటిసారి అడిగినప్పుడే నాకు అర్థమయింది.”